జూమ్ లేని కెమెరా

ఇది ఒక కెమెరా చరిత్ర. కెమెరాల మీద మోజు లేనివాళ్లు కూడా కాస్త ఓపిక పట్టి చదవండి, ఎందుకంటే ఇందులో మన వృత్తికి సంబంధించిన గొడవే ఎక్కువ. ఉన్న ప్రాడక్టుని కొత్త ప్లాట్‌ఫాం మీదికి మార్చాలి. పాత యూజర్లు పారిపోకూడదు. పక్క కంపెనీవాడు పెట్టినవన్నీ మనమూ పెట్టాలని మార్కెటింగ్ వాళ్లు నెత్తిన కూర్చుంటారు. మనం చూసిన ప్రాజెక్టుల్లో చాలావాటికి దీని ముగింపు ఒకటే: రెండేళ్లకి పేరు మిగులుతుంది, లోపల సరుకు వేరే ఉంటుంది.

జపాన్ కంపెనీ రికో, జీఆర్ అనే చిన్న కెమెరాని 1996లో రీలు కెమెరాగా మొదలుపెట్టింది. 2005లో డిజిటల్‌కి మార్చింది. 2025లో కూడా ఆ వరసలో కొత్తది విడుదల చేసింది. జేబులో పట్టే సైజు, జూమ్ లేని ఒకే ఒక్క లెన్సు, కుడిచేతి పట్టు.. ఇవి దాదాపు ముప్పై ఏళ్లుగా అలాగే ఉన్నాయి. దానితో పాటు పుట్టిన కెమెరాల్లో చాలావాటి వంశం ఇప్పుడు లేదు. మరి ఇదెలా మిగిలింది? నాకు తోచిన జవాబు ముందే చెప్పేస్తాను. లోపల ఉన్నవన్నీ మార్చేశారు కానీ వాడేవాడి చేతి అలవాటుని ముట్టుకోలేదు. దానికి తోడు వాళ్ల దగ్గర ఫోటోకాపీ యంత్రాల డబ్బులుండేవి. రెండోది చెప్పకుండా మొదటిదొక్కటే చెబితే మేనేజ్‌మెంట్ పుస్తకం అయిపోతుంది :)

రికో అనగానే మనకి గుర్తొచ్చేది జిరాక్స్ షాపే. అందులో తప్పేం లేదు. 1936లో కియోషి ఇచిమురా అనే ఆయన ఈ కంపెనీ పెట్టినప్పుడు అమ్మింది కూడా నకళ్లు తీసుకునే పూత కాగితమే. కెమెరాలు ఆ తర్వాత వచ్చాయి. 1950లో రికోఫ్లెక్స్ 3 అనే డబ్బా లాంటి రెండు లెన్సుల కెమెరాని కన్వేయర్ బెల్టు మీద కుప్పలుగా తయారుచేసి చవగ్గా అమ్మారు. 1955లో మొదటి కాపీ యంత్రం రికాపీ 101 వచ్చింది. 1962లో వచ్చిన ఆటో హాఫ్ ఇంకా సరదా అయినది: గడియారానికి తాళం ఇచ్చినట్టు ఇస్తే, స్ప్రింగు బలంతో రీలు దానంతటదే ముందుకి జరిగేది. ఒక్కో ఫోటోకి సగం ఫ్రేమే వాడుతుంది కాబట్టి 36 ఫోటోల రీల్లో 72 వచ్చేవి. అంటే ఆ ఇంట్లో చిన్న కెమెరా చేయడం అనేది పాత విద్యే, కానీ వంటింటి ఖర్చు గడిపింది మాత్రం కాపీ యంత్రాలు.

1990ల మొదట్లో జపాన్‌లో చిన్న కెమెరాలు రెండు రకాలుగా చీలిపోయాయి. మామూలు జనానికి జూమ్ ఉన్నవి. 38 నుంచి 70, 70 నుంచి 105, 105 నుంచి 140.. పెరుగుతూనే పోయింది ఆ పందెం. జూమ్ పెరిగేకొద్దీ లెన్సులోకి వచ్చే వెలుతురు తగ్గేది, కెమెరా లావయ్యేది. డబ్బున్నవాళ్లకి మాత్రం నగల్లాంటి కెమెరాలు. 1990లో కాంటాక్స్ టీ2, 1993లో నికాన్ 35టీఐ, 1996లో మినోల్టా టీసీ-1.. టైటానియం ఒళ్లు, మంచి లెన్సు, చేతిలో పెట్టుకుంటే బంగారపు గడియారం పట్టుకున్నట్టు. వీటిని తీసిపారేయను, టీసీ-1 చూసి ముచ్చటపడని కెమెరా పిచ్చోడు ఉండడు. మన ఇళ్లలో ఆ రోజుల్లో ఉన్న యాషికా, కోడాక్‌లకీ వీటికీ పోలికే లేదు.

రికో ఈ రెండు గుంపుల్లోనూ లేదు. 1994లో ఆర్1 అని ఒక సన్న కెమెరా తెచ్చింది. రీలు డబ్బా అడ్డంగా కొలిస్తేనే సుమారు 25 ఎం.ఎం. ఉంటుంది కదా, ఆ కెమెరా అతి సన్నటి చోట మందం కూడా అంతే! కుడిచేతి వైపు మాత్రం పట్టుకోవడానికి కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ ఉబ్బెత్తు పిడి గుర్తుపెట్టుకోండి, మళ్లీ మళ్లీ కనబడుతుంది. ఆర్1 ఖరీదైన కెమెరా ఏమీ కాదు. అయితే దాని సన్నదనాన్ని ఉంచేసి, ఒళ్లు మెగ్నీషియం మిశ్రమంతో చేసి, మంచి లెన్సు పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచనే 1996లో జీఆర్1 అయింది.

జీఆర్1 లెన్సు 28 ఎం.ఎం., ఎఫ్/2.8. నాలుగు గుంపుల్లో ఏడు గాజులు. బరువు 175 గ్రాములు. ఈ లెన్సు ఎంత బాగా కుదిరిందంటే, 1997లో దాన్నే లైకా మరతో విడిగా, పరిమిత సంఖ్యలో చేసి అమ్మారు. జేబు కెమెరాలోంచి పుట్టిన లెన్సుని లైకా వాళ్లు కొనుక్కుని తగిలించుకోవడం అన్నమాట. కానీ నాకు లెన్సు కంటే నచ్చేవి మిగతా మూడు నిర్ణయాలు.

మొదటిది, రీలు వేయగానే మొత్తం రీలుని ముందే బయటికి చుట్టేస్తుంది. ఆ తర్వాత తీసిన ఒక్కో ఫోటో ఒక్కో ఫ్రేమ్ చొప్పున డబ్బా లోపలికి వెనక్కి వెళుతుంది. పొరపాటున ఎవరైనా వెనక తలుపు తెరిచినా, అప్పటిదాకా తీసినవి చీకట్లో భద్రంగా ఉంటాయి. పోయేది ఇంకా తీయని ఖాళీ రీలే. మన భాషలో చెప్పాలంటే ప్రతి ఫోటోకి కమిట్ చేసేస్తోంది. రీలు మధ్యలో తలుపు తెరిచి పెళ్లి ఫోటోలన్నీ పోగొట్టిన మేనమామలు ప్రతి కుటుంబంలో ఒకరుంటారు, వాళ్లకి ఈ డిజైన్ విలువ తెలుస్తుంది.

రెండోది, పైన ఒక ఎపర్చర్ చక్రం. పీ మీద పెడితే అన్నీ కెమెరాయే చూసుకుంటుంది. తిప్పితే 2.8 నుంచి 22 దాకా మీ ఇష్టం. మెనూ లేదు, మోడ్ లేదు. కెమెరా ఆపి ఉన్నప్పుడు కూడా చూస్తే తెలిసిపోతుంది ఏ స్థితిలో ఉందో. స్టేట్ అంతా కంటికి కనబడేలా ఉంచడం ఇంటర్‌ఫేస్‌లో ఎంత పెద్ద విషయమో, ఎవరో రాసిన కాన్ఫిగ్ ఫైల్లో దాక్కున్న ఫ్లాగ్ కోసం రాత్రంతా వెతికినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

మూడోది స్నాప్. జీఆర్ అంటే ఇదే అని నా అభిప్రాయం. ఆటోఫోకస్‌కి కొంత టైము పడుతుంది. వీధిలో మనుషులు ఆ టైము ఇవ్వరు. అందుకని స్నాప్ మోడ్‌లో కెమెరా ఫోకస్ వెతకడం మానేసి, లెన్సుని 2 మీటర్ల దగ్గర నిలిపేస్తుంది. ఎఫ్/8 పెట్టుకుంటే 28 ఎం.ఎం. లెన్సుతో సుమారు మీటరుంపావు నుంచి 5 మీటర్ల దాకా అన్నీ స్పష్టంగానే వస్తాయి. వీధిలో మనిషి మనిషికి ఉండే దూరం దాదాపు అదే. ఇక కంప్యూట్ చేయడానికి ఏముంది? ముందే లెక్క కట్టి పెట్టుకున్న జవాబుని వాడుకోవడమే, క్యాష్ లాగా. నొక్కితే పడుతుంది, అంతే.

దీన్ని బాగా వాడుకున్నవాళ్లలో ప్రపంచానికి తెలిసిన పేరు దైదో మొరియామా. 1938లో ఒసాకా దగ్గర పుట్టిన ఈ పెద్దమనిషి టోక్యో వీధుల్ని గరుకుగా, కదిలిపోయినట్టు, నల్లగా మసి పూసినట్టు తీసి పేరు తెచ్చుకున్నాడు. 1960ల చివర్లో 'ప్రొవోక్' పత్రికలో ఆయన ఫోటోలు చూసినవాళ్లు ఇవి ఫోటోలేనా అన్నారు. ఆయన చేతిలో జీఆర్ కనబడడం వల్ల వచ్చిన ప్రచారం రికో ఎంత ఖర్చుపెట్టినా వచ్చేది కాదు. నగల్లాంటి కెమెరా పట్టుకుని వీధిలోకి వెళితే కెమెరాని చూస్తారు. జీఆర్ నల్లగా, బ్రాండు పేరు కూడా సరిగ్గా కనబడకుండా, సబ్బు పెట్టెలా ఉంటుంది. ఎవరూ చూడరు.

ఇక్కడ చిన్న పిడకల వేట. జీఆర్1 వచ్చిన 1996లోనే కోడాక్, ఫ్యూజీ, కానన్, నికాన్, మినోల్టా కలిసి ఏపీఎస్ అనే కొత్త రకం రీలు తెచ్చారు. చిన్న డబ్బా, ఫోటో ఎలా తీశారో సమాచారం రీలు మీదే రాసిపెట్టే అయస్కాంతపు పూత.. కాగితం మీద చూస్తే అద్భుతమైన స్టాండర్డు. డిజిటల్ తుఫాను ముందు నిలవలేక 2011 నాటికి ఆ రీళ్ల తయారీయే ఆగిపోయింది. దాని మూడు ఫ్రేమ్ సైజుల్లో ఒకదాని పేరు 'సి' అంటే క్లాసిక్. ఈ రోజు లక్షల డిజిటల్ కెమెరాల్లో ఉండే సెన్సర్‌ని ఏపీఎస్-సి అంటున్నామే, ఆ పేరు ఈ చచ్చిపోయిన రీలుదే. ఫ్లాపీలు పోయాక కూడా సేవ్ బటన్ మీద ఫ్లాపీ బొమ్మ మిగిలినట్టు. ఈ పేరు మన కథలో మళ్లీ వస్తుంది.

1998లో జీఆర్1ఎస్, 2001లో జీఆర్1వీ వచ్చాయి. పైకి చూస్తే తేడా కనిపెట్టడం కష్టం. వీలో రీలు స్పీడు మనమే పెట్టుకోవచ్చు, ఫోకస్ దూరాన్ని మనమే ఎంచుకోవచ్చు. 2001లోనే 21 ఎం.ఎం. లెన్సుతో జీఆర్21 కూడా వచ్చింది. అంత వెడల్పు లెన్సుని జేబు కెమెరాలో పెట్టడం అప్పటికి పెద్ద సాహసమే. అంతే, రీలు జీఆర్‌ల కథ అక్కడితో అయిపోయింది.

ఎందుకంటే ఈలోగా నేల కదిలిపోయింది. 2005లో క్యోసెరా కాంటాక్స్ కెమెరాలు మూసేస్తానంది. 2006 జనవరిలో నికాన్ చాలా మటుకు రీలు కెమెరాలు ఆపేస్తానంది. అదే నెలలో కోనికా మినోల్టా మొత్తం కెమెరాల వ్యాపారంలోంచే తప్పుకుంటానంది. నగల్లాంటి కెమెరాల వంశాలన్నీ రెండు మూడేళ్లలో తుడిచిపెట్టుకుపోయాయి.

వాళ్లు డిజిటల్‌కి ఎందుకు మారలేదు, అదే లెన్సు వెనక సెన్సర్ పెడితే అయిపోయేది కదా అని అడగొచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకునేవాణ్ణి. అది పోర్టింగ్ కాదు, రీరైట్. రీలు అనేది చాలా ఉదారమైన ఇంటర్‌ఫేస్. వెలుతురు ఏ కోణంలో పక్కనుంచి వచ్చినా పట్టుకుంటుంది. జీఆర్1 లాంటి సన్న కెమెరాలో లెన్సు వెనక గాజు రీలుకి చాలా దగ్గరగా ఉంటుంది, అందువల్ల అంచుల దగ్గర కిరణాలు బాగా ఏటవాలుగా పడతాయి. సెన్సర్‌కి అలా కుదరదు. దాని ఒక్కో పిక్సెల్ ఒక చిన్న బావి లాంటిది, పైనుంచి నిటారుగా పడిన వెలుతురు అడుగుకి చేరుతుంది, ఏటవాలుగా పడింది గోడకి తగిలి పోతుంది. అంటే పాత లెన్సు అంచుల్లో నలుపు, రంగు తేడాలు. పైగా రీలు ఫ్రేమ్ సైజున్న సెన్సర్ ఆ రోజుల్లో జేబు కెమెరాలో ఊహించలేని ఖరీదు.

ఇంకో సంగతి ఉంది, నన్నడిగితే ఇది ఇంకా లోతైనది. రీలు కెమెరాలో సెన్సర్ ఊడదీసి మార్చుకోగలిగేది! కొత్త రీలు మార్కెట్లోకి వస్తే పాత కెమెరాకి కూడా అప్‌గ్రేడ్ దొరికినట్టే. 1996 నాటి జీఆర్1లో ఇవాళ్టి రీలు వేస్తే ఇవాళ్టి ఫోటో వస్తుంది. డిజిటల్‌లో లెన్సు, సెన్సర్, ప్రాసెసర్ అన్నీ ఒకదానికొకటి అతికించేశారు. లెన్సు ఎంత గొప్పదైనా సెన్సర్‌తో పాటే ముసలిదవుతుంది. మాడ్యులర్‌గా ఉన్నదాన్ని మోనోలిత్ చేసి, దానికి అభివృద్ధి అని పేరు పెట్టిన సందర్భం ఇది. (కాకపోతే ఏమాటకామాటే, రీలు కడిగించి ప్రింట్లు వేయించే ఖర్చు తప్పింది. ఆ సంగతి మర్చిపోయి రీలు రోజులే బాగుండేవి అనేవాళ్ల జాబితాలో నన్ను చేర్చకండి.)

రికో 2005 అక్టోబరులో జీఆర్ డిజిటల్ తెచ్చింది. అప్పటి మార్కెట్ ఎలా ఉందో గుర్తుందా? ఆన్‌సైట్ నుంచి వస్తున్నవాడికి ఇంటి నుంచి వచ్చే ప్రశ్నలు రెండే: "ఎన్ని మెగాపిక్సెళ్లు? జూమ్ ఎంత?" అలాంటి రోజుల్లో 8 మెగాపిక్సెళ్లు, జూమ్ సున్నా. వ్యూఫైండర్ కూడా తీసేశారు, కావాలంటే విడిగా కొనుక్కుని పైన తగిలించుకోవాలి. కానీ కుడిచేతి పిడి అదే. మందం 25 ఎం.ఎం., బరువు 170 గ్రాములు. దృశ్యం వెడల్పు అదే 28 ఎం.ఎం.కి సమానం. స్నాప్ అలాగే ఉంది. లెన్సు లోపలికి ముడుచుకున్నప్పుడు కొన్ని గాజులు పక్కకి తప్పుకుని కూర్చునేలా చేసి ఆ సన్నదనం సాధించారు. బ్యాటరీ అయిపోతే బడ్డీ కొట్లో దొరికే ట్రిపుల్-ఏ సెల్స్ రెండు వేసుకోవచ్చు. ఇది ఎవరో వీధుల్లో తిరిగేవాడు చెప్పిన రిక్వైర్‌మెంటే అయ్యుంటుంది, గదిలో కూర్చుని రాసింది కాదు.

లోపల రాజీ మాత్రం పెద్దదే. ఆ సెన్సర్ విస్తీర్ణం రీలు ఫ్రేమ్‌లో ఇరవై రెండో వంతు కూడా లేదు. వెలుతురు తగ్గితే ఫోటో నిండా ఇసుక చల్లినట్టు వచ్చేది. రా ఫైలు ఒకటి రాయడానికి పది సెకన్లకు పైగా పట్టేది, ఆ లోపల వీధిలో ఏం జరిగినా చూస్తూ కూర్చోవాల్సిందే. అయినా వాడినవాళ్లు వదల్లేదు. ఒక కారణం ఆ ఇసుక నలుపు-తెలుపులో రీలు గరుకులాగే ఉండేది. రెండోది, చిన్న సెన్సర్‌కి ఒక వరం ఉంది: ఎఫ్/2.4 దగ్గర కూడా ఫోకస్ 2.5 మీటర్ల దగ్గర పెడితే సుమారు మీటరుంపావు నుంచి అనంతం దాకా అన్నీ స్పష్టం. రీలు జీఆర్‌లో ఎఫ్/8 పెడితే గానీ కుదరని స్నాప్ ఇక్కడ లెన్సు పూర్తిగా తెరిచినా కుదిరేది. హార్డ్‌వేర్ బలహీనతే యూజర్ అలవాటుకి కలిసొచ్చింది.

ఇంకో రెండు విషయాలు మనవాళ్లకి నచ్చుతాయి. ఒకటి, రా ఫైళ్లని సొంత రహస్య ఫార్మాట్‌లో కాకుండా డీఎన్‌జీలో రాశారు. అడోబీ ఆ ఫార్మాట్‌ని అందరికీ తెరిచి ఏడాదే అయింది అప్పటికి. పెద్ద కంపెనీలు తమ తమ రహస్య ఫార్మాట్లు పట్టుకుని వేలాడుతుంటే, ఈ చిన్నవాడు ఓపెన్ ఫార్మాట్ ఎంచుకున్నాడు. ఆ ఫైళ్లు ఇవాళ కూడా ఏ తంటా లేకుండా తెరుచుకుంటాయి. రెండోది ఫర్మ్‌వేర్. మామూలుగా కెమెరా అమ్మాక కంపెనీలు బగ్గులు సరిచేస్తే అదే పదివేలు. రికో మాత్రం అమ్మేసిన కెమెరాలకి కొత్త ఫీచర్లు ఉచితంగా ఇస్తూ పోయింది. కొత్త మోడల్ కొనిపించడానికి దాచుకోవాల్సినవాటిని పాత మోడల్‌కి ఇవ్వడం అప్పట్లో ఎవరికీ అర్థం కాలేదు.

2007లో జీఆర్ డిజిటల్ 2, 2009లో ఎఫ్/1.9 లెన్సుతో 3, 2011లో చెయ్యి వణుకుని సర్దే సెన్సర్‌తో 4 వచ్చాయి. ఇక్కడ ఎక్కువ ఆగను. ఒక్క సంగతి: 2, 3, 4 మూడింటిలోనూ 10 మెగాపిక్సెళ్లే. పక్కవాళ్లు 12, 14, 16 అని బోర్డులు పెట్టుకుంటున్న నాలుగేళ్లూ వీళ్లు ఆ అంకెని కదల్చలేదు.

2011 అక్టోబరులో రికో, పెంటాక్స్ కెమెరాల వ్యాపారాన్ని హోయా నుంచి కొనేసింది. రెండు కంపెనీలు కలిస్తే ఏమవుతుందో మనకి తెలుసు, ముందు పోయేది చిన్న ప్రాడక్టే. ఇక్కడ తిరగబడింది. 2013 ఏప్రిల్‌లో జీఆర్ అని (ఇందాక చెప్పిన ఆ దెయ్యం పేరు) ఏపీఎస్-సి సెన్సర్‌తో వచ్చింది. పాత జీఆర్ డిజిటల్ సెన్సర్ కంటే విస్తీర్ణం దాదాపు పది రెట్లు. 16 మెగాపిక్సెళ్లు, బరువు 245 గ్రాములు. మళ్లీ 28 ఎం.ఎం. చూపు, మళ్లీ ఎఫ్/2.8. రీలు జీఆర్1 దగ్గర్నుంచి చూసుకుంటే చుట్టూ తిరిగి మళ్లీ అదే లెన్సు అంకెల దగ్గరికి రావడానికి పదిహేడేళ్లు పట్టింది.

సరిగ్గా నెలన్నర ముందు నికాన్ కూడా ఇలాంటిదే కూల్‌పిక్స్ ఏ అని తెచ్చింది. అదే సైజు సెన్సర్, అదే వెడల్పు లెన్సు, అదే ఎఫ్/2.8. కాగితం మీద పక్కపక్కన పెడితే కవలలే. ధర మాత్రం నికాన్‌ది 1,100 డాలర్లు, రికోది 800. నికాన్ దానికి వారసుణ్ణి తేలేదు. ఆ తర్వాత 2016లో డీఎల్ అని మూడు మంచి చిన్న కెమెరాలు ప్రకటించి, 2017 ఫిబ్రవరిలో ఒక్కటీ అమ్మకుండానే రద్దు చేసింది. ధర ఒక్కటే కారణమనుకోను. కూల్‌పిక్స్ ఏ కొన్నవాడు కొత్త వస్తువు కొన్నాడు. జీఆర్ కొన్నవాడికి ఏ బటన్ ఎక్కడుందో వేళ్లకి ముందే తెలుసు.

అలాగని పాత యూజర్లందరూ పండగ చేసుకోలేదు. సెన్సర్ పెరిగేసరికి చిన్న సెన్సర్ ఇచ్చిన వరం పోయింది. ఎఫ్/2.8 దగ్గర ఫోకస్ 2.5 మీటర్లలో పెడితే ఇప్పుడు స్పష్టంగా వచ్చేది సుమారు 1.8 నుంచి 4 మీటర్ల దాకానే. మళ్లీ ఎఫ్/8కి పోవాలి, 1996లో లాగా. ముడుచుకునే లెన్సు సందుల్లోంచి దుమ్ము దూరి సెన్సర్ మీద వాలడం ఇంకో తలనొప్పి. లెన్సు ఊడదీసి తుడుచుకోవడానికి కుదరదు కాబట్టి సర్వీసు సెంటరే దిక్కు. ఆరేళ్ల తర్వాత, 2019లో, పెంటాక్స్ వాళ్ల విద్యతో సెన్సర్‌ని వణికించి దుమ్ము దులిపే ఏర్పాటు వచ్చింది. ఆ కొనుగోలు ఊరికే పోలేదన్నమాట.

ఈలోపు ఫోన్లు చిన్న కెమెరాల్ని మింగేశాయి. 2010లో జపాన్ కంపెనీలు ప్రపంచమంతా కలిపి పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్ల పైచిలుకు, అందులో ఎక్కువ భాగం జేబు కెమెరాలే. 2023కి మొత్తం కలిపి 80 లక్షలు కూడా లేవు. పోయినవి ఏవి? అన్ని పనులూ కాస్త కాస్త చేసేవి. ఆ పని ఫోను ఇంకా బాగా చేస్తుంది. జీఆర్ చేసేది ఒక్కటే పని కాబట్టి దాని దుకాణం కాస్త పక్కన ఉండిపోయింది. 2015లో జీఆర్ టూ వైఫై ఒక్కటి కలిపి వచ్చింది, అంతకు మించి చెప్పుకోవడానికి లేదు. 2019లో జీఆర్ త్రీ 24 మెగాపిక్సెళ్లతో ఇంకా చిన్నదై వచ్చింది, ఆ చిన్నదనం కోసం ఫ్లాష్ తీసేశారు, బ్యాటరీ 200 ఫోటోలకే ఆవిరి. ఫ్లాష్ తీసినందుకు తిట్టినవాళ్లు ఇప్పటికీ తిడుతున్నారు, నేనూ వాళ్లవైపే. ఒక ఒప్పందాన్ని అన్నేళ్లు కాపాడుకొచ్చి అక్కడ తప్పారు. ఉబ్బెత్తు పిడి ఎంత ముఖ్యమో చీకట్లో మొహాన కొట్టే ఆ చిన్న ఫ్లాష్ కూడా చాలామందికి అంతే ముఖ్యం.

ఇక డబ్బు సంగతి. వ్యాపారమంతా కెమెరాలే అయిన కంపెనీలో ఇలాంటి ప్రాడక్టు బతికేది కాదని నా అనుమానం. ఏటా కొత్తది రావాలి, ప్రతి షాపులో ఉండాలి, ప్రతి రివ్యూలో గెలవాలి అనే ఒత్తిడి అక్కడ ఉంటుంది. రికో ఆదాయంలో కెమెరాలది ఎప్పుడూ చిన్న వాటాయే. కాపీ యంత్రాలు, వాటి సర్వీసు కాంట్రాక్టులు ఇల్లు గడుపుతుంటే, ఒక మూల ఒక చిన్న టీమ్ నాలుగేళ్లకో ఆరేళ్లకో ఒక కెమెరా చేస్తూ కూర్చోగలిగింది. ఇది డిజైన్ గొప్పదనాన్ని తగ్గించదు. కానీ మన ఆఫీసుల్లో "ఫోకస్ ఉంటే చాలు, మనమూ అలా చేయొచ్చు" అని స్లైడ్లు వేసేవాళ్లు ఆ కాంట్రాక్టుల సంగతి కూడా స్లైడులో పెట్టాలి.

2021లో 40 ఎం.ఎం. చూపుతో జీఆర్ త్రీ-ఎక్స్ వచ్చింది. అందులోని కొన్ని కొత్త సంగతుల్ని ఫర్మ్‌వేర్‌గా పాత త్రీకి కూడా ఇచ్చారు, పాత అలవాటు ప్రకారం. ఆ తర్వాత కుర్రకారుకి ఫోను ఫోటోలంటే మొహం మొత్తి చిన్న కెమెరాల మీద పడ్డారు, జీఆర్ దొరకడమే కష్టమైంది. 2025 సెప్టెంబరులో జీఆర్ ఫోర్: 26 మెగాపిక్సెళ్లు, కొత్త లెన్సు, 53 జీబీ లోపలి మెమరీ. ఫ్లాష్ ఈసారీ లేదు. ధర అమెరికాలో 1,500 డాలర్లు. 2013లో నికాన్ కంటే చవక అని మెచ్చుకున్న కెమెరాయే ఇది, ఆ మాట ఇప్పుడు అనలేం.

మొదటి జీఆర్1ల పరిస్థితి ఏమిటంటారా? లెన్సు, మోటారు బాగానే ఉన్నా, పైనుండే చిన్న ఎల్‌సీడీ తెర చాలావాటిలో చచ్చిపోతోంది. ఎన్ని ఫోటోలు మిగిలాయో కనబడదు. కంపెనీ రిపేరు ఎప్పుడో ఆపేసింది, ఇంకోదాన్ని చంపి దాని తెర పీకి వేయాల్సిందే. సన్నదనం కోసం అన్నీ కుక్కి ఎలక్ట్రానిక్స్ మీద ఆధారపడ్డ ప్రతి రీలు కెమెరాదీ ఇదే గతి. అదే కంపెనీ 1960ల్లో చేసిన ఆటో హాఫ్‌కి స్ప్రింగు మాత్రమే కాబట్టి మంచి మెకానిక్ దొరికితే ఇప్పటికీ విప్పి బిగించొచ్చు.

ఆ స్ప్రింగులూ పళ్ల చక్రాల విద్య రికోలోనే దాదాపు పోయింది. 2022 డిసెంబరులో మళ్లీ రీలు కెమెరా చేస్తామని ప్రకటించినప్పుడు, వాళ్లకి ఎదురైన మొదటి చిక్కు రీలు తిప్పే మీట. గీతలున్నాయి, ఆ కొలతలు ఎందుకలా పెట్టారో తెలిసినవాళ్లు రిటైరైపోయారు. చివరికి ఆ పాత ఇంజనీర్లనే పిలిపించి కుర్ర ఇంజనీర్ల పక్కన కూర్చోబెట్టారు. మన కేటీ సెషన్లే, కాకపోతే ఇరవై ఏళ్లు ఆలస్యంగా. 2024 జూన్‌లో వచ్చిన పెంటాక్స్ 17 అలా తయారైంది: సగం ఫ్రేమ్, ఫోకస్ చేత్తో, రీలు బొటనవేలితో. 36 ఫోటోల రీల్లో 72 వస్తాయి.